ఒక్కటి కూడా వదలొద్దు

మా సంస్థకు ఇద్దరు చైర్మన్లు. ఇద్దరి దగ్గరా నియామక పత్రాలున్నాయి, ఇద్దరి దగ్గరా తుపాకులున్నాయి. పత్రాలు ఎవరూ చదవరు. ఏ నెల ఎవరి మనుషులు గేటు పట్టుకుంటే ఆ నెల వాళ్ళ మనిషి కుర్చీలో కూర్చుంటాడు. మా లిబియాలో, అందునా ట్రిపోలీలో, ఇది వింతేమీ కాదు. రేవు గోడౌన్లు చూసుకునే మాబోటి చిన్న సంస్థకే ఇన్ని తుపాకులెందుకని నా కడుపు మండుతుంది గానీ, కడుపుమంటను అడిగేవాడెవడు? మేం జీతగాళ్ళం. ఎవడు కూర్చుంటే వాడికి సలాం చెప్పి, తలవంచుకుని మా గదుల్లోకి పోతాం.

నా పేరు వనీసా. కంప్యూటర్ల విభాగంలో ఇంజనీర్ని. విభాగమంటే నేనూ, మా పెద్ద హాజీ నూరీ, అంతే. అరవైకి దగ్గరపడిన మనిషి. షుగరు ఉన్నా టీలో చక్కెర తగ్గించడు, వేరుశనగపప్పు లేనిదే ఆ టీ ముట్టడు. మా నాన్న పోయాక నన్ను ‘అమ్మా’ అని పిలిచిన మగవాడు ఆయనొక్కడే. ఆఫీసులో ఆడపిల్ల సర్వర్ గదిలో కూర్చోవడమేమిటని అందరూ మూతి తిప్పితే, "మీలో ఎవడికైనా ఆ పని వస్తే రండి, ఆవిణ్ణి లేపుతాను" అన్నాడు. ఎవరూ రాలేదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి నియమం ఒకటుంది. ఏ ఆజ్ఞ అయినా ముందు మన గదిలో రెండు కంప్యూటర్ల మీద వేసి చూడాలి, బాగుంటేనే ఊరంతా పంచాలి. మా పని అలాంటిది. ఒక్కచోట కూర్చుని పాలసీ రాసిపెడితే, నెట్‌వర్క్‌కు కట్టి ఉన్న ప్రతి కంప్యూటరూ దాన్ని చదువుకుని, ఫలానా సాఫ్ట్‌వేర్ తీసెయ్యమంటే తీసేస్తుంది, ఫలానాది వేసుకోమంటే వేసుకుంటుంది. ఎవరి బల్ల దగ్గరికీ వెళ్ళనక్కర్లేదు. కాకపోతే ఆ మాట కిందికి దిగడానికి గంటా గంటన్నర పడుతుంది. దిగాక కూడా, కంప్యూటర్ ఒకసారి ఆరి వెలిగితేనే కొత్తది ఎక్కుతుంది. మావాళ్ళు కంప్యూటర్లు ఆర్పరు. కరెంటు పోయినప్పుడు అదే ఆరుతుందిలే అని వదిలేసి ఇళ్ళకు పోతారు.

ఆ గురువారం పొద్దున షాబాన్ మా గదిలోకి వచ్చాడు. కొత్త చైర్మన్ మనుషులకు నాయకుడతను. ఒక చేతిలో తుపాకీ, ఇంకో చేతిలో హరీసా మిరపముద్ద కారుతున్న ట్యూనా శాండ్‌విచ్. వెనక ఇద్దరు కుర్రాళ్ళు తలుపు మూసి నిలబడ్డారు.

"ఇక్కడ కంప్యూటర్లకు పెద్ద ఎవరు?" అన్నాడు నములుతూ.

"నేనే నాయనా. కూర్చో. టీ తాగుతావా?" అన్నాడు నూరీ.

"టీ తర్వాత తాగుదాం హాజీ." జేబులోంచి చిన్న పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పడేశాడు. "ఇందులో కొత్త ఆఫీసు సాఫ్ట్‌వేరుంది. అందులో మా చైర్మన్ గారి పేరుతో ఉత్తరాల కాగితం ఉందిట. ఎవడు తెరిచినా పైన ఆయన పేరే రావాలి. ఆ పాత దొంగవెధవ పేరు ఏ కంప్యూటర్‌లోనూ కనబడకూడదు. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆయన వస్తారు, టీవీవాళ్ళు వస్తారు. ఆయన సెక్రటరీ బల్ల దగ్గర కూర్చుని మొదటి ఉత్తరం అచ్చు తీస్తారు. కారు నడిపేది మా తమ్ముడే, మిలాద్. అర్థమైందా?"

అర్థమైంది. ఈ ఊళ్ళో బ్యాంకువాళ్ళు మనిషిని చూడరు, ఉత్తరం మీది పేరు చూస్తారు. ఎవరి పేరుతో ఉత్తరం అచ్చవుతుందో వాడే చైర్మన్.

"అలాగే చేద్దాం. ముందు ఈ గదిలో రెండింటి మీద వేసి చూస్తాం, ఆదివారానికల్లా అన్నిటికీ..." నూరీ మాట పూర్తికాలేదు.

"ఆదివారమా?" షాబాన్ వెనక్కి తిరిగి తన కుర్రాళ్ళతో నవ్వాడు. "విన్నార్రా? ఆదివారమట. రేపు జుమ్మా, ఎల్లుండి సెలవు, హాజీ గారు రెండు రోజులు కాళ్ళు చాపుకుని పడుకుంటారట. నువ్వు ఆ పాతోడి మనిషివి కదూ?"

"నేను కంప్యూటర్ల మనిషిని నాయనా. మీ ఇద్దరి పేర్లూ నాకు ఉత్త అక్షరాలు."

షాబాన్ శాండ్‌విచ్‌ను జాగ్రత్తగా కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టాడు. తుపాకీ మడమతో నూరీ నోటి మీద కొట్టాడు. ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. నేను అరిచాను. కుర్రాడొకడు నా మెడ పట్టుకుని గోడకు నొక్కాడు. నూరీ చేతులు నేలకు ఆనించి లేవబోతుంటే షాబాన్ తుపాకీ తిప్పి ఆయన మోకాలి మీద కాల్చాడు. చిన్న గది. చప్పుడుకు చెవులు గింగురుమన్నాయి. ఆయన అరవడం నోరు చూస్తే తెలిసింది గానీ నాకు వినబడలేదు.

"ఇప్పుడు ఆదివారం ఎప్పుడొస్తుంది హాజీ?" అన్నాడు షాబాన్, నా చెవులు తెరుచుకునేసరికి.

నూరీ మోకాలు మోకాలిలా లేదు. నేను ఆ కుర్రాడి చెయ్యి కొరికి విడిపించుకున్నాను. బల్ల కింద చుట్టిపెట్టిన నీలం నెట్‌వర్క్ కేబుల్ లాగి ఆయన తొడ చుట్టూ గట్టిగా బిగించి, పెన్ను దూర్చి మెలితిప్పాను. రక్తం తగ్గింది గానీ ఆగలేదు. కేబుల్ నున్నటిది, ముడి జారిపోతోంది.

"ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చచ్చిపోతాడు" అన్నాను.

"పని అయ్యాక తీసుకెళ్ళు, ఎవరొద్దన్నారు? నీకొచ్చు కదా ఆ పని? కూర్చో ఇంజనీరమ్మా. ఎంత తొందరగా చేస్తే అంత తొందరగా వెళ్తావు."

కూర్చున్నాను. చేతులకు ఆయన రక్తం, కీబోర్డు మీటలు జిగటగా అంటుకుంటున్నాయి. పెన్‌డ్రైవ్‌లోది సర్వర్‌లోకి ఎక్కించాను, పాతది తీసెయ్యమని ఒక ఆజ్ఞ, కొత్తది వేసుకోమని ఒక ఆజ్ఞ రాశాను. మొత్తం సంస్థకు తగిలించాను. "పంపాను" అన్నాను.

షాబాన్ పక్క గదిలోకి పోయి సెక్రటరీ కంప్యూటర్ చూసొచ్చాడు. "పాత పేరే ఉంది."

"టైము పడుతుంది. గంట, గంటన్నర."

"ఏం, నీ కంప్యూటర్లకు నేనంటే భయం లేదా?" అన్నాడు. అని, వెళ్ళి నూరీ గాయం మీద బూటుకాలు పెట్టి నొక్కాడు. ఆయన కేక ఈసారి నాకు బాగా వినబడింది. "నేను చెప్తే మనుషులు అప్పుడే చేస్తారు. ఆ డబ్బాలకేం రోగం?"

"తియ్ నీ కాలు!" అన్నాను. ఎవరి గొంతో అనుకున్నాను, నాదే. "తీస్తేనే చెప్తాను. అన్నిటినీ ఒక్కసారి ఆర్పి వెలిగిస్తే వెంటనే ఎక్కుతుంది. ఇక్కణ్ణుంచే చెయ్యొచ్చు. ఎవరి పని వాళ్ళది ఆగిపోతుంది, పావుగంటో ఇరవై నిమిషాలో. ఆ తర్వాత అన్నిట్లోనూ మీ వాడి పేరే."

"ఇంతసేపూ ఈ మాట చెప్పకుండా ఏం చేస్తున్నావు? కానియ్యి."

కంప్యూటర్ల జాబితా తెరిచాను. లెక్కల విభాగం, కస్టమ్స్ కాగితాలు, రెండో అంతస్తు. చివర్లో ‘గోడౌన్ గేటు’. అది కనబడగానే నా వేళ్ళు ఆగాయి.

ఆ కంప్యూటర్ మాదే. కిందటిసారి గేటు పట్టుకున్నప్పుడు షాబాన్ మనుషులు దాన్ని మోసుకుపోయి, గేటు పక్కన పాత గోడౌన్‌లో తమ మకాంలో పెట్టుకున్నారు. మా కేబుల్ పీకలేదు. ఇంటర్నెట్ ఉచితం కదా. దాని మీదే గేటు కెమెరాలు చూసుకుంటారు. తుపాకీ నెత్తిన పెట్టి ఆ కెమెరాలు నూరీ చేతనే బిగించారు. వాళ్ళకు ఆ తెర మీది బొమ్మ ప్రాణం. కిందటి నెల పాత చైర్మన్ మనుషులు దాడికొచ్చేముందు కెమెరాల తీగలు కోశారు. అప్పట్నుంచి బొమ్మ పోతే దాడి వచ్చిందనే వాళ్ళ లెక్క.

నేల మీంచి నూరీ తెర వైపు చూస్తున్నాడు. ఆయనకూ కనబడింది. "అమ్మా," అన్నాడు, పళ్ళలోంచి రక్తం ఉమ్మి. "గోడౌన్ గేటును వదిలెయ్యి."

ఆయన మాట నేనెప్పుడూ దాటలేదు. కానీ నా బుర్రలో ఇంకో ఆలోచన పుట్టింది. వాళ్ళ బొమ్మ పోతే దాడి అనుకుంటారు. షాబాన్‌ను పిలుస్తారు. వీడు పరిగెడతాడు. నేను హాజీని కారులో వేసుకుని పోతాను. చైర్మన్ రావడం మధ్యాహ్నం తర్వాత కదా, అప్పటికి బొమ్మ మళ్ళీ వచ్చేస్తుంది. తెర మీద కొత్త పేరు చూసుకుని వీడు మురిసిపోయి పోతాడని నాకు నమ్మకం లేదు. పని కాగానే ఆయన్ని చంపేసి పోయే రకమని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

అయినా అడిగాను. అడగకుండా చేశానని రేపు ఎవరూ అనకూడదు. "అన్నిటికీ వెయ్యమంటావా? మీ వాళ్ళ దగ్గరున్న..."

చెంప మీద కొట్టాడు. "ఎన్నిసార్లు చెప్పాలే? అన్నిటికీ! ఒక్కటి కూడా వదలొద్దు. ఒక్కదాంట్లో పాత పేరు కనబడినా ఈ ముసలోడి రెండో మోకాలు కూడా పోతుంది."

నొక్కాను.

మూడు అంతస్తుల్లోంచీ ఒకేసారి గోల లేచింది. "అరే, నా పని పోయింది!", "సేవ్ చేసుకోలేదురా!", "నూరీ ఏం చేశాడు, నూరీని పిలవండి!" అంతసేపూ తుపాకీ చప్పుడు విని బల్లల కింద దూరిన జనం, రాసుకున్నది పోయేసరికి మాత్రం బయటికొచ్చారు. నాకు ఆ పరిస్థితిలోనూ నవ్వొచ్చింది. షాబాన్ సెక్రటరీ గది గుమ్మంలో నిలబడి, నల్లటి తెర మీద నెమ్మదిగా కదులుతున్న గీతను గుడ్లప్పగించి చూస్తున్నాడు.

అప్పుడే అతని ఫోను మోగింది. అటువైపు కేకలు నాదాకా వినబడ్డాయి. "అన్నా, బొమ్మ పోయింది! కెమెరాలన్నీ పోయాయి! వస్తున్నారు!" ఆ వెంటనే గేటు వైపునుంచి పెద్ద తుపాకీ మొదలైంది. కార్ల మీద బిగించే రకం. అది మోగుతుంటే కిటికీ అద్దాలు వణుకుతాయి. షాబాన్, కుర్రాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ బయటికి పరిగెత్తారు. శాండ్‌విచ్ బల్ల మీదే ఉండిపోయింది.

నేననుకున్నదే జరిగిందని సంతోషించాను. ఆ సంతోషం నాకింకా గుర్తుంది.

ఆయన ఆఫీసు కుర్చీని చక్రాల మీద నిలబెట్టి, నూరీని చంకల కింద పట్టుకుని అందులోకే ఎక్కించాను. వరండాలో తోసుకుంటూ పరిగెత్తాను. కుదుపుకు కేబుల్ ముడి జారింది, మళ్ళీ బిగించాను. "నిదానంగా అమ్మా, లైసెన్సు ఉందా నీకు?" అన్నాడాయన. ఆ మనిషి జోకు వేస్తుంటే ఏడుపొచ్చింది. నా చిన్న కారులో ముందు సీట్లో కూర్చోబెట్టాను. కాల్పులు ఆగిపోయాయి. ఎవరో గుండెలు బాదుకుంటూ ఏడుస్తున్నారు.

బయటికి పోవాలంటే గేటు ఒక్కటే దారి. అక్కడ మూడు కార్లు జల్లెడలై ఉన్నాయి. నల్లకార్లు. అవి పాత చైర్మన్‌వి కావు. జీవితంలో ఒక్క సమావేశానికీ వేళకు రాని కొత్త చైర్మన్, టీవీవాళ్ళకంటే ముందే వచ్చి కుర్చీలో సర్దుకుందామని ఆ పూట పొద్దున్నే వచ్చాడు. ఒక కారు వెనక సీట్లో నోరు తెరుచుకుని ఉన్నాడు, తల పై సగం లేదు. గోడౌన్‌లోని షాబాన్ మనుషులు బొమ్మ పోగానే ఎదురొచ్చిన మొదటి కార్ల మీద ఎవరు, ఏమిటని చూడకుండా పేల్చేశారు. తమ చైర్మన్ని తామే చంపుకున్నారు.

షాబాన్ ఆ పెద్ద తుపాకీ పేల్చినవాణ్ణి చొక్కా పట్టుకుని ఊపుతున్నాడు. "కళ్ళు లేవురా? మిలాద్ కారురా అది! మిలాద్ కారు!" వాడు ఏడుస్తూ, "బొమ్మ పోయిందన్నా, బొమ్మ పోయింది" అంటున్నాడు. షాబాన్ వాణ్ణి కాల్చేశాడు. వాడు కూలుతుంటే ఇంకా కాల్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ కదల్లేదు.

తర్వాత నా కారు కనబడింది. ఎదురుగా వచ్చి బానెట్ మీద చేతులు వేశాడు. అతని మీంచి పోనిచ్చేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కాలు బ్రేకు మీదే ఉండిపోయింది. ఇద్దరు మనుషులు మిలాద్‌ను మోసుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయేమో. పొట్ట చేతులతో పట్టుకుని ఉన్నాడు. షాబాన్ వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "నడుపు అక్కా. నీకు దండం పెడతాను, తొందరగా నడుపు."

అరగంట క్రితం ‘ఎన్నిసార్లు చెప్పాలే’ అని చెంప మీద కొట్టినవాడే.

సముద్రం రోడ్డు మీద హారను కొట్టుకుంటూ పోయాను, వెనకే షాబాన్ మనుషుల కార్లు. నూరీ ముఖం సుద్దలా అయిపోయింది. వెనక సీట్లో షాబాన్ తమ్ముడితో, "నిద్రపోకురా, అమ్మ నన్ను చంపేస్తుందిరా" అని మాట్లాడుతూనే ఉన్నాడు. మధ్యలో, "ఎవడు ఆపాడో ఆ కెమెరాలు, వాణ్ణి వెతికి ముక్కలు చేస్తా" అన్నాడు. నూరీ చెయ్యి గేరు మీదున్న నా చేతి మీదికొచ్చింది. మంచులా ఉంది. "చెప్పకు" అన్నాడు, నాకు మాత్రమే వినబడేట్టు.

ఆసుపత్రిలో జనరేటర్ మీద ఒక్క ఆపరేషన్ గది నడుస్తోంది, ఒక్క సర్జనే ఉన్నాడు. చిన్న వయసువాడు. ఇద్దరినీ చూశాడు. మిలాద్ పొట్ట మీద గుడ్డ ఎత్తి నొక్కి చూశాడు, నూరీ నాడి చూశాడు. "పెద్దాయన ముందు. ఈయనకు రక్తం ఇంకేం మిగల్లేదు. ఆ కుర్రాడు అరగంట ఆగగలడు" అన్నాడు.

నేను నూరీని లేపబోయాను. అదే క్షణంలో షాబాన్ తుపాకీ సర్జన్ చెవికి ఆనింది.

"నా తమ్ముడు ముందు."

"ఆయన చచ్చిపోతాడు!"

"నా తమ్ముడు ముందు అన్నాను."

నేను షాబాన్ కాళ్ళ మీద పడ్డాను. ఇది చెప్పడానికి నాకు సిగ్గు లేదు. "నువ్వే కాల్చావు ఆయన్ని, నీ చేత్తో కాల్చావు, ఆయన్ని ముందు పోనివ్వు" అని ఏడ్చాను. అతను వంగి నన్ను భుజాలు పట్టుకుని లేపాడు. అతని కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. మిలాద్ మంచం లోపలికి పోయింది, తలుపులు మూసుకున్నాయి. తన మనుషులందరి ముందూ, వరండాలో రోగులందరి ముందూ గట్టిగా అన్నాడు. "అందరూ వినండిరా. ఈవిడ కారు ఆపకపోతే నా తమ్ముడు గేటు దగ్గరే పోయేవాడు. ఇవాళ్టినుంచి ఈవిడ నా అక్క. ఈవిడ మీద ఎవడి చెయ్యి పడినా నా ముఖం మీద పడ్డట్టే. నా చెయ్యి పడినా సరే. మాట తప్పానా, నా పెళ్ళానికి తలాఖ్!"

మా దగ్గర ఆ ఒట్టు ఎవరూ తేలిగ్గా వెయ్యరు, వేశాక తిరిగి మింగలేరు. పదిమంది విన్నారు. మింగితే రేపు పొద్దున సొంత మనుషులే వాడి ముఖాన ఉమ్ముతారు, మామగారు కూతుర్ని తీసుకుపోతాడు.

నూరీ వరండాలో, నేల మీద, నా ఒళ్ళో పోయాడు. ఏదో చెప్పబోయాడు, వేరుశనగల గురించో దేని గురించో నాకు తెలియలేదు. ఆయన కళ్ళు మూసి, తొడకు కట్టిన నీలం కేబుల్ విప్పాను. ఇక దాంతో పనేముంది?

చాలాసేపటికి సర్జన్ బయటికొచ్చి, "బతుకుతాడు" అన్నాడు. షాబాన్ గోడకు చేరగిలబడి ఏడ్చాడు. తర్వాత నా పక్కన గొంతుకూర్చున్నాడు. "హాజీ విషయంలో నన్ను క్షమించు అక్కా. దేవుడి రాత. నాకో సాయం చెయ్యి. నువ్వు కంప్యూటర్లు తెలిసినదానివి. మా కెమెరాలు ఎవడు ఆపాడో కనుక్కో. పేరు చెప్పు చాలు."

నూరీ ‘చెప్పకు’ అన్నాడు. ఆయన మాట అప్పటికే ఒకసారి దాటాను. రెండోసారీ దాటాను.

"నేనే" అన్నాను. "మీ గోడౌన్ కంప్యూటర్ కూడా మా జాబితాలోదే. దాన్ని వదిలెయ్యమని హాజీ చెప్పాడు. నిన్నడిగాను. ఒక్కటి కూడా వదలొద్దని నువ్వు నా చెంప పగలగొట్టావు. కావాలనే నొక్కాను. నువ్వు అక్కణ్ణుంచి పోతావనే నొక్కాను. ఇప్పుడు వెళ్ళి చూసుకో, నీ గోడౌన్‌లో తెర వెలిగే ఉంటుంది. తెరిస్తే పైన మీ చచ్చినవాడి పేరే వస్తుంది."

అతను నిలబడ్డాడు. తుపాకీ నా నుదుటికి తగిలింది, ఇంకా మందు వాసన వేస్తోంది. నాకు భయం వెయ్యలేదు. ఒళ్ళంతా కోపమే. "కాల్చు" అన్నాను. "మీవాళ్ళు చూస్తున్నారు. కాల్చు."

అతని మనుషులు నిజంగానే చూస్తున్నారు. ఒట్టు విన్నవాళ్ళే వాళ్ళంతా.  షాబాన్ తుపాకీ నా తల పక్కకు జరిపి గోడలోకి పేల్చాడు, ఖాళీ అయ్యేదాకా. పెచ్చులు నూరీ ముఖం మీద పడ్డాయి. నేను వాటిని తుడిచాను.

"ఇంటికి పో అక్కా" అన్నాడు. ఆ పిలుపులో అంత అసహ్యం నేనెక్కడా వినలేదు.

నెల తిరక్కుండా పాత చైర్మన్ కుర్చీలోకొచ్చాడు. షాబాన్ అతనితో రాజీపడి మళ్ళీ అదే గేటు కాస్తున్నాడు. మిలాద్ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, నాకు ఎదురొస్తే తల వంచుకుని సలాం చెప్తాడు. నన్ను వీధిలో ఎవడూ పల్లెత్తు మాట అనడు. షాబాన్ అక్కనని అందరికీ తెలుసు. ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానేస్తే ఆ గది ఎవరికో ఇచ్చేస్తారు, ఆయన బల్ల, టీ గ్లాసు బయట పారేస్తారు.

ఇవాళ మళ్ళీ ఆజ్ఞ వచ్చింది. కొత్త పేరు తీసెయ్యాలి, పాత పేరు పెట్టాలి, మధ్యాహ్నానికల్లా అన్నిట్లో. మొదట మా గదిలో రెండు కంప్యూటర్ల మీద వేసి చూశాను, నాదీ, హాజీదీ. రెండూ ఆరి, వెలిగి, బాగానే తెరుచుకున్నాయి. తర్వాత జాబితా తెరిచి, ఆయన చెప్పినట్టే గోడౌన్ గేటును వదిలేశాను.